లైను బాగుంది

“ఇది లోపలికొచ్చే గేటు. బయటికెళ్ళే గేటు అటు!”

వాచ్‌మన్ అరిచిన ఆ మాట స్తంభం మీదున్న లైనక్కకి స్పష్టంగా వినిపించింది. మధ్యాహ్నం రెండుంబావు. ఆమె బట్టల మిల్లు గోడ పక్క స్తంభానికి నిచ్చెన వేసుకుని, నడుముకి బెల్టు బిగించుకుని, ఇంటర్నెట్టు కంపెనీ కేబులుని కొక్కేనికి కడుతోంది. అక్కణ్ణుంచి మిల్లు ఆవరణ మొత్తం కనిపిస్తుంది. బ్లీచింగు సెక్షన్ తలుపులోంచి మనుషులు దగ్గుతూ, తూలుతూ, ఒకరి మీద ఒకరు పడుతూ బయటికి వస్తున్నారు. కొందరు పడిపోయినవాళ్ళని చంకల కింద చేతులేసి ఈడ్చుకొస్తున్నారు. గేటు వాళ్ళకి ఇరవై అడుగుల దూరంలో ఉంది. దానికి తాళం వేసి ఉంది.

“తియ్యరా బాబూ! మనుషులు చచ్చిపోతున్నారు!”

“రెండు దాటాక ఈ గేటు తియ్యకూడదు. మేనేజరుగారు చెప్పందే నేను తియ్యలేను. అటు తీసుకుపోండి.”

అటు అంటే ఎటు? మిల్లుకి అవతలి కొస. నూలు గోదాములు దాటి, రంగుల షెడ్డు చుట్టూ తిరిగి, దాదాపు అరమైలు. యజమాని ఈ రెండు గేట్లూ ఊరికే కట్టించలేదు. దిగే షిఫ్టు ఒక గేటులోంచి పోవాలి, ఎక్కే షిఫ్టు ఇంకో గేటులోంచి రావాలి, మధ్యలో అరగంట మిల్లు ఖాళీగా ఉండాలి. ఒక షిఫ్టు మొహం ఇంకో షిఫ్టు చూడకూడదు. చూస్తే మాట్లాడుకుంటారు. మాట్లాడుకుంటే పని ఆపుతారు. ఇరవై ఏళ్ళ కిందట జరిగిన ఒక సమ్మెకి భయపడి కట్టించిన గేట్లవి.

అరమైలు మోశారు. బట్టల తాన్లు మోసే తోపుడు బళ్ళ మీద మనుషుల్ని పడుకోబెట్టి తోశారు. తాళం పగలగొట్టండి అని లైనక్క గొంతు చించుకుని అరిచింది. ఆ గోలలో ఎవరికి వినిపిస్తుంది? మూడో బండి మీద పడుకున్న మనిషి చెయ్యి కిందికి వేలాడుతోంది. మణికట్టుకి నీలం గుడ్డతో కట్టు. ఆ కట్టు పొద్దున తనే కట్టింది. వేణ్ణీళ్ళు పడి బొబ్బెక్కిందని తమ్ముడు చూపిస్తే, చూసుకుని పనిచెయ్యలేవా అని సణుగుతూ కట్టింది.

నిచ్చెన ఎలా దిగిందో ఆమెకి గుర్తు లేదు.

ఆ రోజు అయిదుగురు పోయారు. పదకొండు మంది ఆస్పత్రిలో పడ్డారు. ఆమె తమ్ముడు ఆస్పత్రి గుమ్మం దాటకముందే పోయాడు. వాడికి ఇరవై ఆరేళ్ళు.

సాయంత్రం ఆస్పత్రి వరండాలో మిల్లు గుమాస్తా ఒకడు పోయినవాళ్ళ సామాన్లు పంచాడు. ప్లాస్టిక్ సంచిలో చెప్పులు, టిఫిను డబ్బా, ఫోను. సంతకం పెట్టించుకుని మరీ ఇచ్చాడు మహానుభావుడు. అమ్మ చెప్పుల్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. లైనక్క ఫోను తీసుకుంది. తెరవగానే గేటు కబురు పేజీ కనిపించింది.

గేటు కబురంటే ఏమిటో చెప్పాలి. మొహాలు చూసుకోనివ్వకపోతే మిల్లువాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చున్నారా? కార్మిక సంఘం గదిలో పాత కంప్యూటరు ఒకటి పెట్టి, తలా ఒక చెయ్యి వేసి, సొంతంగా ఒక పేజీ పెట్టుకున్నారు. ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టాలి. అందుకని దిగిన షిఫ్టువాళ్ళు ఫోను చేతికి రాగానే, లోపల ఏ మిషను ఎలా ఉందో మాట్లాడి ఆ పేజీలో పెడతారు. ఎక్కే షిఫ్టువాళ్ళు ఫోను పెట్టెలో పెట్టేముందు అది చూస్తారు. ‘నాలుగో రోలరు బెల్టు తెగేలా ఉంది, జాగ్రత్త.’ ‘మేస్త్రీ ఇవాళ ఇంట్లో తిట్లు తినొచ్చాడు, దూరంగా మసలండి.’ సగం మందికి చదవడం రాదు కాబట్టి అన్నీ వీడియోలే. అయిదేళ్ళుగా రెండు షిఫ్టులూ అలాగే మాట్లాడుకుంటున్నాయి.

ఆ రోజు వీడియోలో మాట్లాడింది రోలరు వదిన. పొద్దుటి షిఫ్టులో రోలరు మీద పనిచేస్తుంది కాబట్టి అందరికీ రోలరు వదినే. రొప్పుతూ చెబుతోంది.

“బ్లీచింగులో మూడో ట్యాంకు మూత దగ్గర గ్యాసు కొడుతోంది. పొద్దున్నుంచీ ఇద్దరికి కళ్ళు తిరిగాయి. మేస్త్రీకి చెబితే గుడ్డ చుట్టి వదిలేశాడు. బాగుచేసేదాకా లోపలికి పోకండి నాయనా. ఎవరూ పోకండి.”

ఆమె పంపింది ఒంటి గంటా ముప్ఫై అయిదుకి. తమ్ముడు ఫోను పెట్టెలో పెట్టింది రెండింటికి రెండు నిమిషాల ముందు. కబురు వాడి ఫోనులో దిగింది రెండూ నలభైకి. వాడు లోపలికి పోయాక, బండి మీద బయటికి వచ్చాక, పెట్టెలో ఉన్న ఫోనులోకి మెల్లగా వచ్చి కూర్చుంది.

లైనక్క గోడకి జారబడి కూలబడింది. ఆమెకి తమ్ముడు పోయాడన్న ఏడుపు ఒకటే కాదు. అంతకుమించిన భయం ఒకటి పట్టుకుంది.

పది రోజుల కిందటి మాట. అన్నం తింటూ తమ్ముడు అన్నాడు, “అక్కా, కబురు రావట్లేదే. చక్రం తిరుగుతూనే ఉంటుంది. పావుగంట పడుతోంది ఒక్కో వీడియోకి.”

“నాలుగు నెలలుగా మిల్లు కాలనీ అంతా ఇదే పాట. ఉండు, చూస్తా,” అని ఆమె తన ఫోనులో కంపెనీ మీటరు పెట్టింది. లైను పనివాళ్ళందరూ చేసే పరీక్ష అది. మీటరు నొక్కితే ముల్లు కదులుతుంది. పచ్చ గీత దాటితే లైను బాగున్నట్టు. దాని ఫొటో తీసి, కింద ‘లైను బాగుంది’ అని రాసి, సంతకం పెడితే కంప్లయింటు మూసినట్టు. ముల్లు ఝామ్మని పచ్చగీత దాటింది.

“చూశావా? లైను దివ్యంగా ఉంది. నీ ఫోనే డొక్కుది. మార్చుకో.”

“ఓహో! మీ కంపెనీ సినిమాలు మాత్రం ఇదే డొక్కు ఫోనులో గుర్రంలా పరిగెడతాయి. మిల్లు యజమాని పెట్టిన ‘మిల్లు మిత్ర’ కూడా పరిగెడుతుంది. మా కబురొక్కటే కుంటుతుంది. ఎందుకంటావ్?”

“ఎందుకంటే నువ్వు సినిమాలే ఎక్కువ చూస్తావు కాబట్టి. తిను.”

వాడు నవ్వేశాడు. మర్నాడు కంపెనీకి కంప్లయింటు రాశాడు. ఆ కంప్లయింటు తిరిగి తిరిగి ఆమె చేతికే వచ్చింది. ఆమె దాని కింద ‘లైను బాగుంది’ అని రాసి సంతకం పెట్టింది. వాడి ముందే పెట్టింది, ఆటపట్టిస్తూ.

వాడిని సాగనంపిన మర్నాడు పొద్దున్నే లైనక్క పనిసంచి భుజాన వేసుకుని వీధి చివర బీరువా దగ్గరికి వెళ్ళింది. కాలనీకి వచ్చే ఫైబరు మొత్తం ఆ ఆకుపచ్చ ఇనప బీరువాలోంచే పోతుంది. తలుపు తీసింది. నాలుగు నెలల కిందట ఆమె స్వయంగా బిగించిన డబ్బా అక్కడ చిన్న దీపాలతో మిణుకుమిణుకుమంటోంది. అట్టపెట్టె మీద ‘స్పీడు పెంచే పరికరం’ అని రాసుంటే, మంచిదేగా అనుకుని, వెంట్రుకంత సన్నని ఫైబర్లని ఒక్కొక్కటే అతికి బిగించింది. చేతివాటం ఉన్నది కాబట్టి ఆఫీసు ఇలాంటి పనులు ఆమెకే ఇస్తుంది.

మొదట కంపెనీ మీటరు నొక్కింది. పచ్చ. అదే చోట గేటు కబురు తెరిచింది. చక్రం తిరుగుతూనే ఉంది. అప్పుడు సంచిలోంచి రెండు జంపరు తీగలు తీసి, డబ్బాని పక్కనపెట్టి, వచ్చే ఫైబరుని పోయే ఫైబరుకి నేరుగా కలిపింది. మళ్ళీ గేటు కబురు తెరిచింది. రెప్పపాటులో రోలరు వదిన మొహం ప్రత్యక్షమైంది. “లోపలికి పోకండి నాయనా,” అంది.

ఆ మీటరు ఎక్కడికి పోయి కొలిచి వస్తోంది? కంపెనీ సొంత ఇంటికి. కంపెనీ తన సొంత దారిని తీరిగ్గా ఊడ్చి పెట్టుకుంది. ఆ దారి కొలిచి, ఊళ్ళో దారులన్నీ బాగున్నాయని ఆమె నాలుగు నెలలుగా సంతకాలు పెట్టింది. కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్ళ సరుకు ముందు పోతుంది. మిల్లు యజమానికి కంపెనీలో వాటా ఉంది కాబట్టి ఆయన ‘మిల్లు మిత్ర’ ముందు పోతుంది. మిల్లు మిత్రలో ఏ మాటైనా సూపర్వైజరు ఒప్పుకుంటేనే నలుగురికీ కనిపిస్తుంది. ఎవరి వాటా లేని గేటు కబురు అందరి వెనక నిలబడాలి.

బీరువా మీద కెమెరా ఉందని ఆమెకి తెలుసు. తెలిసే చేసింది. గంట తిరక్కముందే ఆఫీసు నుంచి మనిషి వచ్చి డబ్బాని మళ్ళీ కలిపేసి, బీరువాకి కొత్త తాళం వేసి పోయాడు.

ఆ సాయంత్రం సంఘం గది కిటకిటలాడింది. కుర్చీలు చాలక జనం కిటికీల్లో కూర్చున్నారు. సంఘం కార్యదర్శిని అందరూ మైకు బాబాయి అంటారు. మైకు ఉన్నా లేకపోయినా ఆయన గొంతు ఒకటే. ఆ రోజు మాత్రం మెల్లగా మాట్లాడాడు. ముందు వరసలో అయిదు ఇళ్ళవాళ్ళు కూర్చున్నారు. లైనక్క వాళ్ళమ్మ చివర, గోడకి ఆనుకుని ఉంది.

“ఎల్లుండి మిల్లు తెరుస్తున్నారు,” అన్నాడు మైకు బాబాయి. “మూడో ట్యాంకు బాగుచేశామంటున్నారు. చేశారో లేదో పొద్దుటి షిఫ్టు చూసి చెప్పాలి. చెబితే రెండో షిఫ్టుకి వినపడాలి.”

“వినపడితేగా! పంపాను బాబాయ్, నేను పంపాను!” రోలరు వదిన లేచి నిలబడింది. “నా దగ్గర ఇద్దరి నంబర్లున్నాయి, వాళ్ళకి ఫోను కూడా చేశాను. అప్పటికే పెట్టెలో పెట్టేశారు. కబురు పంపితే టిక్కు పడింది. పోయిందిలే అనుకుని ఇంటికెళ్ళాను. అన్నం తిన్నాను. కడుపునిండా అన్నం తిన్నాను బాబాయ్, అక్కడ వాళ్ళు...”

ఆమెని పట్టుకుని కూర్చోబెట్టారు. గదిలో ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. మగవాళ్ళు తలలు దించుకున్నారు. అప్పుడు లైనక్క లేచింది. చెప్పకుండా ఉండిపోవచ్చు. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. అయినా లేచింది.

“ఆ కబురుని ఆపిన డబ్బా పెట్టింది నేనే,” అంది.

మొదలుపెట్టి చివరిదాకా చెప్పింది. డబ్బా సంగతి, మీటరు సంగతి, సంతకాల సంగతి. నాలుగు నెలల్లో కాలనీవాళ్ళు రాసిన కంప్లయింట్లు మూడువందల పన్నెండు. సగానికి పైగా ఆమె చేత్తోనే మూతపడ్డాయి.

“మా ఇంటికొచ్చి కూడా అదే చెప్పావ్,” అన్నాడు కిటికీలోంచి ఒకాయన. “నా ఫోనుకి వయసైపోయిందన్నావ్.”

“అన్నాను.”

“వాడూ నిన్ను అడిగాడా?” ముందు వరస చివరినుంచి అమ్మ గొంతు. అందరూ తిరిగి చూశారు. “చిన్నోడు నిన్ను అడిగాడా, కబురు రావట్లేదని?”

“అడిగాడమ్మా.”

“నువ్వేమన్నావే?”

“లైను బాగుందన్నాను,” అంది లైనక్క.

అమ్మ లేచి, చెప్పులు వేసుకుని, బయటికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి కూతురితో మాట్లాడటం మానేసింది. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే గిన్నెలోది వడ్డించుకుంటూ, మాట మాత్రం లేదు.

“పదండి, ఆ డబ్బాలన్నీ పగలగొట్టేద్దాం!” అని ఎవరో అరిచారు. సగం గది లేచింది.

“పగలగొడితే రేపు కొత్తవి వస్తాయి,” అంది లైనక్క. “పెట్టేది మళ్ళీ మేమే. అవి పెట్టే చేతులు ఆగాలి. పెట్టొద్దని పైనుంచి రూలు రావాలి. రెండూ కావాలి.”

“రూలు ఉండేది,” అన్నాడు మైకు బాబాయి. “వైరులో పోయే కబురేదైనా ఒకటే, కంపెనీ దేన్నీ ముందుకి తొయ్యకూడదు, దేన్నీ వెనక్కి నెట్టకూడదు అని. నిరుడు ఇంటర్నెట్టు నియంత్రణ మండలి తీసేసింది. జనానికి నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారతారుగా అన్నారు.”

“ఇంకో కంపెనీ ఎక్కడుంది? కాలనీకి ఉన్నది ఒక్కటే వైరు!”

“అప్పుడు మనం పోయి ఆ మాట చెప్పాల్సింది. పోలేదు. కూలీ గురించి పోయాం, సెలవుల గురించి పోయాం. ఇంటర్నెట్టు గొడవ చదువుకున్నవాళ్ళదిలే, మనకెందుకులే అనుకున్నాం. ఆ తప్పు నాది కూడా.” బాబాయి కండువాతో మొహం తుడుచుకున్నాడు. “కబురు రావట్లేదని సంఘం తరఫున రెండు నెలల కిందట పెట్టిన ఫిర్యాదు మీద వచ్చే గురువారం మండలి విచారణ ఉంది. ఈసారి పోతాం. అందరం పోతాం.”

మర్నాడు పొద్దున లైను ఆఫీసు పెరట్లో, కేబులు చుట్టల మధ్య, ఇరవైముగ్గురు లైనువాళ్ళు టీ తాగుతున్నారు. లైనక్క అందరి ముందూ రెండు ఫోన్లు పెట్టింది. ఒకదాంట్లో కంపెనీ మీటరు, ఒకదాంట్లో గేటు కబురు. ముల్లు పచ్చలోకి ఎగిరింది. చక్రం తిరుగుతూనే ఉంది.

“ఇవాళ్టి నుంచి ఆ మీటరు చూసి సంతకం పెట్టొద్దు,” అంది. “కంప్లయింట్లు తెరిచే ఉంచుదాం.”

అందరికన్నా పాతకాపు నిచ్చెనన్న. ముప్ఫై ఏళ్ళుగా నిచ్చెన మోసి మోసి కుడి భుజం కిందికి జారిపోయింది. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

“పెట్టకపోతే ఉద్యోగం ఊడుతుంది. నా కూతురి చదువు ఇంకా రెండేళ్ళుంది. నువ్వు చదివిస్తావా?”

“చదివించలేను అన్నా.”

“మరి? నీ తమ్ముడు పోయాడు, బాధే. నాకూ బాధే, నా కళ్ళ ముందు పెరిగినవాడు. మా అందరినీ రోడ్డున పడేస్తే వాడు తిరిగొస్తాడా?”

“రాడు,” అంది ఆమె. “రెండో షిఫ్టులో ఇంకా రెండువందల మంది ఉన్నారన్నా. వాళ్ళలో ఎవరి కంప్లయింటు మూశామో మనకే తెలుసు. నిచ్చెన కింద నిలబడి మన సంతకం కోసం చూసే మొహాలు నువ్వూ చూశావు.”

నిచ్చెనన్న నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. ఒక్కొక్కళ్ళే సంచులు భుజాన వేసుకుని పనికి వెళ్ళిపోయారు. ఆమెతో ఎవరూ రాలేదు. మధ్యాహ్నానికి సూపర్వైజరు ఆమె చేతిలో సస్పెన్షను కాగితం పెట్టాడు.

మిల్లు తెరిచారు. మూడో ట్యాంకు మూతకి కొత్త రంగు వేశారు. రంగు కింద ఉన్నది పాత మూతే.

గురువారం మండలి భవనం హాలు నిండిపోయింది. మధ్యాహ్నం పన్నెండున్నర. వేదిక మీద ముగ్గురు సభ్యులు, మధ్యలో అధ్యక్షుడు. ఎదురుగా కంపెనీ వకీలు, ఇస్త్రీ మడత నలగని కోటు. సెలవులో ఉన్న మిల్లువాళ్ళు, రోలరు వదిన, పోయిన అయిదుగురి ఇళ్ళవాళ్ళు, కాలేజీ విద్యార్థులు గోడల పొడవునా నిలబడ్డారు. లైనక్క వాళ్ళమ్మ కూడా వచ్చింది, దూరంగా కూర్చుంది. లైనువాళ్ళు ఒక్కరూ రాలేదు.

“మా కంపెనీ ఏ పేజీనీ ఆపలేదు,” అన్నాడు వకీలు. “అందరి కబురూ పోతుంది. కొన్ని ముందు, కొన్ని తర్వాత. ఇక సేవ బాగాలేదన్న మాట. మూడువందల పన్నెండు ఫిర్యాదులు వచ్చాయి. ప్రతిదాన్నీ మా సిబ్బంది స్వయంగా ఇంటికెళ్ళి పరీక్షించారు. ప్రతిదాని మీదా ‘లైను బాగుంది’ అని సంతకం ఉంది. ఇవిగో.”

కాగితాల కట్ట బల్ల మీద పెట్టాడు. అధ్యక్షుడు నాలుగు కాగితాలు తిప్పి తల పంకించాడు.

“ఆ సంతకాలు నావి!” లైనక్క ముందుకి వచ్చింది. “అబద్ధం సంతకాలు.”

“ఎవరమ్మా నువ్వు? సాక్షుల జాబితాలో ఉన్నావా?”

“ఆ కట్టలో ఉన్నానండి. రెండువందల చోట్ల ఉన్నాను. అందులో ఒకటి మా తమ్ముడిది. వాడిదీ మూశాను.”

హాల్లో గోల రేగింది. అధ్యక్షుడు బల్ల చరిచాడు. ఆమె ఆగలేదు. రెండు ఫోన్లూ తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టింది. ఈ భవనానికీ అదే కంపెనీ వైరు. మీటరు నొక్కితే ముల్లు పచ్చలోకి పోయింది. గేటు కబురు నొక్కితే చక్రం మొదలైంది.

“ఇదెంతసేపు?” అన్నాడు అధ్యక్షుడు.

“మా తమ్ముడు గేటు దగ్గర ఇరవై నిమిషాలు నిలబడి చూశాడండి. హూటరు మోగేదాకా చూశాడు. తర్వాత లోపలికి పోయాడు. మీరు కుర్చీలో కూర్చుని చూడండి.”

చూశారు. మొత్తం హాలు చూసింది. ఒక నిమిషం. రెండు. ఎవరో దగ్గారు. రోలరు వదిన పైట నోట్లో కుక్కుకుంది. మూడో నిమిషంలో అధ్యక్షుడు వాచీ చూసుకున్నాడు. పక్కాయన ఆయన చెవిలో ఏదో అన్నాడు. నాలుగో నిమిషంలో అధ్యక్షుడు లేచాడు.

“సాంకేతిక విషయాలు ఇలా తేల్చలేం. నిపుణుల కమిటీ వేస్తాం. విచారణ వాయిదా.”

“ఇంకా పదహారు నిమిషాలుంది!” లైనక్క కేక పెట్టింది. “కూర్చోండయ్యా! నాలుగు నిమిషాలకే లేచిపోతారా మీరు? ప్రాణం పోయేవాడు ఇరవై నిమిషాలు నిలబడ్డాడే!”

వాళ్ళు వెనక తలుపులోంచి వెళ్ళిపోయారు. ముందు తలుపులోంచి పోలీసులు వచ్చారు. కంపెనీ బీరువా అనుమతి లేకుండా తెరిచిందని, డబ్బాని తప్పించిందని కేసు. కెమెరా ఫొటో కూడా ఉంది. ఇన్‌స్పెక్టరు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. జనం అడ్డుపడ్డారు. మైకు బాబాయి చొక్కా చిరిగింది. తోపులాటలో ఆమెని మెట్లు దింపి వ్యాను దాకా తీసుకొచ్చారు.

అప్పుడు వచ్చారు లైనువాళ్ళు. మోటారు సైకిళ్ళ మీద, సంచులతో, చెమటలు కారుతూ. ముందు నిచ్చెనన్న. వంగిన భుజంతో జనాన్ని తోసుకుంటూ వచ్చి ఇన్‌స్పెక్టరు ఎదురుగా నిలబడ్డాడు.

“బీరువా తెరిచినందుకేనా ఈ పిల్లని పట్టుకున్నది? అయితే నన్నూ ఎక్కించండి. ఇవాళ పొద్దున కాలనీ బీరువా తెరిచాను. మిల్లు బీరువా కూడా. డబ్బాలు రెండూ తప్పించాను. మళ్ళీ కలపడానికి మాలో ఎవడూ పోడు.”

“నేను బజారువి మూడు,” అన్నాడు ఇంకొకడు.

“రైల్వే క్వార్టర్స్‌వి నేను.”

“నేను కూడా. నా పేరూ రాసుకోండి.”

ఇరవైముగ్గురూ అలా చెప్పుకుంటూ వచ్చి వ్యాను చుట్టూ నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు వ్యాను లోపలికి చూశాడు. వ్యానులో ఎనిమిది మందికే చోటుంది.

“అన్నా, మీ అమ్మాయి చదువు?” అంది లైనక్క.

“దాన్నే అడిగానే. తెరిచిరా నాన్నా అంది.” నిచ్చెనన్న కళ్ళు తుడుచుకున్నాడు. “నా సంతకాలు తొంభై ఉన్నాయమ్మా. రాత్రంతా లెక్కపెట్టుకున్నాను.”

అప్పటికి రెండు దాటింది. గుంపులో ఫోన్లు మోగసాగాయి. పొద్దుటి షిఫ్టు ఒంటిగంటన్నరకి బయటికొచ్చి కబురు పెట్టింది. మూత దగ్గర మళ్ళీ గ్యాసు కొడుతోందని. పంపిన క్షణంలోనే అది రెండో షిఫ్టు చేతుల్లోకి వెళ్ళింది. హూటరు మోగినా ఒక్కరూ లోపల అడుగు పెట్టలేదు. గేటు ముందే కూర్చున్నారు. పొద్దుటి షిఫ్టువాళ్ళు ఇళ్ళకి పోకుండా గోడ చుట్టూ తిరిగి అరమైలు నడిచి వాళ్ళ దగ్గరికి వచ్చారు. మేనేజరు అరుస్తున్నాడు, వాచ్‌మన్ తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. ట్యాంకు మార్చేదాకా రెండు షిఫ్టులూ లేవమంటున్నాయి. ఆ మాట విన్న గుంపు కేకలతో వీధి దద్దరిల్లింది.

పోలీసులు లైనక్కని వ్యాను ఎక్కించారు. ఆ కేకల్లోంచి దారి చేసుకుంటూ అమ్మ వ్యాను దగ్గరికి వచ్చింది. కిటికీ కమ్మీ పట్టుకుంది. తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి కూతురి మొహం చూసింది.

“కబురు అందిందట,” అంది. “చిన్నోడి షిఫ్టు లోపలికి పోలేదట.”

“అవునమ్మా.”

“ఎంతసేపు పట్టిందే, అందడానికి?”

తలుపు పక్కన నిలబడ్డ లైను కుర్రాళ్ళు తలలు తిప్పుకున్నారు.

“చెప్పవే. ఎంతసేపు పట్టింది?”

“రెప్పపాటమ్మా.”

అమ్మ కమ్మీకి నుదురు ఆనించి భోరుమంది. “రెప్పపాటేనా తల్లీ? రెప్పపాటు పనేనా?” అంటూ గుండెలు బాదుకుంది. లైనక్క కమ్మీల్లోంచి చేతులు చాపి తల్లి తల పట్టుకుంది. ఇద్దరూ ఏడుస్తుంటే పోలీసులు కూడా కాసేపు వ్యాను కదపలేదు.

కదపబోయేసరికి అమ్మ కమ్మీ వదిలింది. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది.

“జరుగు, నేనూ ఎక్కుతాను,” అంది.

“నీ మీద కేసేమీ లేదమ్మా.”

“లేకపోతే రాసుకో. రేపు వాళ్ళు తాళం వేస్తే తెరిచే చేతుల్లో నాదీ ఒకటి.”

ఆమె పైకెక్కి కూతురి పక్కన కూర్చుంది. వెనకే రోలరు వదిన, నిచ్చెనన్న, ఇంకొందరు లైనువాళ్ళు ఎక్కారు. వ్యాను నిండిపోయింది. ఎక్కడానికి చోటు దొరకనివాళ్ళు, లైనువాళ్ళూ మిల్లువాళ్ళూ విద్యార్థులూ, పోలీసు స్టేషను దాకా వ్యాను వెనకే నడిచారు.